తత్త్వశాస్త్ర సంఘం పని డైరీ: ఉపన్యాసాలు తీసేసి ఒక పేజీ పెట్టాం

విశాఖ తీరాన ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థులే నడుపుకునే తత్త్వశాస్త్ర సంఘం పని డైరీ ఇది. ఇంకో క్యాంపస్‌లో ఎవరైనా ఇలాంటిది పెట్టుకుంటే మా కొలతలు, నియమాలు, కాగితాలు ఉన్నవి ఉన్నట్టు తీసుకుని వాడుకోవచ్చు. సంఘం ఎలా పుట్టింది, పేరెలా పెట్టుకున్నాం లాంటివి రాయడం లేదు. వాటితో ఎవరికీ పని ఉండదు. సభ్యుల్లో ఫిలాసఫీ ఎమ్మే చదివేవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళది ఫిజిక్స్, లా, తెలుగు, ఇంజినీరింగ్. నాది స్టాటిస్టిక్స్, అందుకే లెక్కలు రాసే పని నాకు పడింది.

దశ 1: ఉపన్యాసాలు (జులై, ఆగస్టు)

మొదటి సభలన్నీ ఒకే తీరున జరిగాయి. ఒక పెద్దాయన్ని పిలవడం, ఫ్లెక్సీ కట్టడం, శాలువా కప్పడం, బొకే ఇవ్వడం, ఆయన మాట్లాడాక చివర్లో "ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండి" అనడం. వచ్చినవాళ్ళు వరసగా 46, 28, 13.

హాజరు పడిపోవడం కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన కొలత ఇంకొకటి ఉంది. రెండో సభ రికార్డింగ్ మళ్ళీ విని, ఎవరు ఎంతసేపు మాట్లాడారో రాశాను. మొత్తం 78 నిమిషాలు. అందులో వక్త 61. స్వాగతం, పరిచయం, వందన సమర్పణ కలిపి 13. విద్యార్థుల ప్రశ్నలన్నీ కలిపితే 4 నిమిషాలు. అడిగినవాళ్ళు ముగ్గురు.

వచ్చిన వక్తలు బాగా చదువుకున్నవాళ్ళు, చెప్పినదీ బాగుంది. లోపం ఏర్పాటులో ఉంది. తత్త్వశాస్త్రం వింటే వచ్చే విద్య కాదు. నేను చెప్పిన వాదంలో కన్నం ఎక్కడుందో ఇంకొకరు చూపించాలి, దాన్ని పూడ్చడానికి నేను కష్టపడాలి, పూడ్చలేకపోతే ఒప్పుకోవాలి. 4 నిమిషాల్లో ఆ పని జరగదు.

మార్చినవి:

1. అతిథి ఉపన్యాసాలు ఆపేశాం. అధ్యాపకులు రావచ్చు, అందరితోపాటు బెంచీ మీద కూర్చునే సభ్యులుగా.
2. ప్రతి సభనూ ఒక విద్యార్థి మొదలుపెట్టాలి. గరిష్ఠంగా 7 నిమిషాలు. అలారం మోగగానే, వాక్యం మధ్యలో ఉన్నా ఆపాలి.
3. ఫ్లెక్సీ, శాలువా, బొకే, టీ ఉండవు.

7 అనే అంకె మేం కల్పించింది కాదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1878లో మొదలైన మోరల్ సైన్సెస్ క్లబ్ అనే తత్త్వశాస్త్ర సంఘం ఇప్పటికీ నడుస్తోంది. తర్వాత పెద్ద తత్త్వవేత్తగా పేరొందిన విట్‌గెన్‌స్టైన్ 1912లో అక్కడ విద్యార్థి. ఆయన చొరవతో, పత్రం మామూలుగా ఏడు నిమిషాలు మించకూడదని వాళ్ళు నియమం పెట్టుకున్నారు. అదే ఏడాది నవంబరు 29న ఆయన చదివిన పత్రం సుమారు నాలుగు నిమిషాల్లో ముగిసిందని ఆ క్లబ్బు మినిట్స్‌లో, అంటే సభలో జరిగింది రాసిపెట్టే పుస్తకంలో, ఉంది. ఎవరో ఆ రోజు మినిట్స్ రాశారు కాబట్టే ఆ నాలుగు నిమిషాల సంగతి మాదాకా వచ్చింది. మేం రిజిస్టర్ పెట్టడానికి అదే కారణం.

లెక్క: వసూలు రూ. 3,100 (చందా 100 చొప్పున 31 మంది). ఖర్చు రూ. 2,600: ఫ్లెక్సీ 360, శాలువాలు 750, బొకేలు 450, టీ 1,040. చేతిలో రూ. 500. ఖర్చయినదాంట్లో చదువుకోడానికి పనికొచ్చే కాగితం ఒక్కటీ లేదు.

దశ 2: ఏడు నిమిషాలు (సెప్టెంబరు)

హాజరు 11, 14, 12, 15. తగ్గడం ఆగింది. మాట్లాడేవాళ్ళు పెరిగారు. చర్చ మాత్రం కుదరలేదు.

ఫిజిక్స్ అమ్మాయి ఒకరు "మన నిర్ణయాలు నిజంగా మనవేనా?" అని మొదలుపెట్టింది. ఏడు నిమిషాలూ చక్కగా వాడుకుంది. తర్వాత గంటసేపు ఒక్కొక్కరూ లేచి ఎవరి అభిప్రాయం వాళ్ళు చెప్పి కూర్చున్నారు. ఒకరు కర్మ అన్నారు, ఒకరు మెదడులో రసాయనాలన్నారు, ఒకరు పెంపకం అన్నారు. ఒకరి మాట ఇంకొకరికి తగల్లేదు.

దీన్ని అంకెల్లో చూడాలనిపించింది. ఎవరు నోరు విప్పినా కాగితం మీద గీత పెట్టాను. అంతకుముందు ఎవరో అన్నదానికి జవాబుగా వచ్చిన మాటకు గీత మీద సున్నా చుట్టాను. ఆ రోజు 42 గీతలు, 9 సున్నాలు. అప్పట్నుంచి మేం చూసుకునే ముఖ్యమైన కొలత ఇదే. హాజరు ఆ తర్వాతే.

కారణం విషయం వెడల్పులో ఉంది. అంత పెద్ద ప్రశ్న పెడితే ప్రతివాడూ ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న జవాబే బయటికి తీస్తాడు. అందరి కళ్ళూ ఒకే వస్తువు మీద ఉంటే తప్ప వాదం ఒకచోట నిలవదు.

ఈ దశలో తేలిన ఇంకో సంగతి వేళ. సభ 5:30 నుంచి 7:30 వరకు పెట్టాం. రిజిస్టర్‌లో "వెళ్ళిన సమయం" అని గడి గీస్తే, 14 మందిలో 8 మంది 6:30 లోపే లేచిపోతున్నారని తెలిసింది. రోజూ ఇంటి నుంచి వచ్చేవాళ్ళకు బస్సు, అమ్మాయిలకు హాస్టల్ వేళ, మిగతావాళ్ళకు మెస్. వాళ్ళకు ఆసక్తి లేదని అప్పటిదాకా కొందరు అంటూ వచ్చారు. సభను 4:45 నుంచి 6:15కి మార్చాక మధ్యలో లేచేవాళ్ళు ఒకరో ఇద్దరో. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఆ గడి మొదటి రోజునుంచే గీసుకోండి.

లెక్క: రిజిస్టర్ 60, సుద్దముక్కలు 20. మొత్తం ఖర్చు రూ. 2,680. చేతిలో రూ. 420.

దశ 3: ఒక్క పేజీ (అక్టోబరు, నవంబరు)

దసరా సెలవుల తర్వాత పద్ధతి మార్చి, ఏదైనా పాఠ్యం ముందు పెట్టుకుని దానిమీదే మాట్లాడాలనుకున్నాం.

మొదటిసారి ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1641లో ప్రచురించిన ధ్యానాలు (మెడిటేషన్స్) అనే పుస్తకంలో మొదటి ధ్యానం నుంచి నాలుగు పేజీలు జిరాక్స్ తీయించి రెండు రోజుల ముందే పంచాం. సభలో చేతులెత్తమంటే పూర్తిగా చదివినవాళ్ళు 16 మందిలో నలుగురు. సెమిస్టర్ మధ్యలో, రికార్డులు రాసుకునే వారంలో, ఇంకో నాలుగు పేజీలు ఎవరు చదువుతారు? తిట్టి లాభం లేదు. పద్ధతే మారాలి.

మార్చినవి:

1. నాలుగు పేజీలు కాదు, ఒకటే. ఇంట్లో కాదు, సభలోనే చదవాలి.
2. కాగితానికి ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లిష్. తెలుగు మేమే రాసుకుంటాం. ఇద్దరు కూర్చుని రాస్తారు, మూడోవాళ్ళు ఇంగ్లిష్ చూడకుండా చదివి అర్థంకాని చోట గీత గీస్తారు. గీత పడిన వాక్యం తిరగరాయాలి.
3. తెలుగువైపు 250 పదాలు మించకూడదు. గడియారం పెట్టి చూస్తే, మా సభలో ఆఖరి మనిషి చదవడం ముగించడానికి తెలుగు పేజీకి 5 నిమిషాలు, ఇంగ్లిష్ పేజీకి 9 పట్టింది.
4. మౌనంగా ఒకసారి, పైకి ఒకసారి చదవాలి. పైకి చదివేది ఆ రోజు మొదలుపెట్టే మనిషి కాకూడదు.
5. పేజీ కింద ఒకే ఒక ప్రశ్న.

డెకార్ట్‌నే ఒక్క పేజీకి కుదించి మళ్ళీ పెట్టాం. నేనిప్పుడు మేలుకునే ఉన్నానని, కల కనడం లేదని ఎలా తెలుసు అనే భాగం. అది పావుగంటలో ఆగిపోయింది. ఎవరో "ఇదంతా మాయ అని మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు" అన్నారు. అందరూ తలూపారు, ఇక మాట్లాడటానికేమీ మిగల్లేదు. ఇది మన దగ్గర ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు. మాయ, కర్మ, ఆత్మ అనేవి పెద్ద పెద్ద వాదాలు దాటుకుని వచ్చిన సిద్ధాంతాలు. వాటి వెనకున్న వాదం చెప్పకుండా పేరు మాత్రం చెబితే ప్రశ్న మూసుకుపోతుంది. శంకరుడిలాంటి అద్వైతులు కలనూ మెలకువనూ ఒకేగాట కట్టెయ్యలేదు, వాటి మధ్య భేదాన్ని ఎంతో శ్రద్ధగా చర్చించారు. ఆ శ్రద్ధను వదిలేసి పేరొక్కటే తెచ్చుకోవడం ఆ సంప్రదాయానికి కూడా అన్యాయమే. అందుకని ఆరో నియమం చేర్చాం: సిద్ధాంతం పేరు చెప్పినవాళ్ళు అది ఈ పేజీలోని ఏ వాక్యానికి జవాబో వేలు పెట్టి చూపాలి.

బాగా నడిచిన పేజీలు రెండు.

ఒకటి, ప్లేటో రాసిన యూథిఫ్రో సంభాషణలో మధ్య భాగం. కన్నతండ్రి మీద హత్యానేరం మోపి న్యాయస్థానానికి వచ్చిన యూథిఫ్రోను సోక్రటీస్ అడుగుతాడు: ఒక పని పవిత్రమైనది కాబట్టి దేవతలు దాన్ని ప్రేమిస్తారా, దేవతలు ప్రేమిస్తారు కాబట్టి అది పవిత్రమవుతుందా? భక్తి ఉన్నవాళ్ళకూ లేనివాళ్ళకూ ఇది సమానంగా కష్టమైన ప్రశ్న. ఇల్లంతా పూజలతో పెరిగిన ఇంజినీరింగ్ కుర్రాడొకడు మొదటి పక్షం తీసుకుని, దానివల్ల మంచి అనేది దేవుడికి కూడా బయట ఉండిపోతుందని తనే కనిపెట్టి, కాసేపు మాట్లాడకుండా ఉండి, "అయినా నేను ఇదే పక్షం" అన్నాడు. ఆ రోజు 37 గీతలు, 23 సున్నాలు.

రెండోది అనుమానం మీద, అంటే కనిపించినదాన్నిబట్టి కనిపించనిదాన్ని తేల్చడం మీద, చార్వాకుల ఆక్షేపణ. కళ్ళెదుట కనిపించేదే ప్రమాణమన్న పాత భౌతికవాదులు వాళ్ళు. కొండమీద పొగ కనిపిస్తే నిప్పు ఉందంటాం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందని ఎలా తెలిసింది? చూసినచోట్ల సరే, చూడనివాటి సంగతేమిటి? ఇంకో అనుమానంతో నిరూపిస్తే దానికీ అదే ప్రశ్న వస్తుంది. పద్నాలుగో శతాబ్దంలో మాధవాచార్యుడు దర్శనాలన్నిటినీ వరసగా పరిచయం చేసిన గ్రంథంలో చార్వాక మతానికే మొదటి చోటిచ్చి ఈ వాదం రాశాడు. పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లాండ్ తత్త్వవేత్త హ్యూమ్ అడిగిన ప్రశ్న దీనికి చాలా దగ్గర. కాగితానికి ఒకవైపు ఇది, రెండోవైపు అది వేశాం. శాంపిల్ చూసి జనాభా సంగతి చెప్పడమే మా సబ్జెక్టు కాబట్టి నాకు చెమటలు పట్టాయి. క్లాసులో మూడేళ్ళుగా వాడుతున్న పద్ధతికి ఆధారమేమిటని ఒక లా విద్యార్థిని అడిగితే నేను చెప్పిన జవాబు రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. ఆ వారమంతా నేను దాని గురించే ఆలోచించాను.

లెక్క: మొదటి నాలుగు పేజీలకు 80. తర్వాత సభకు 20 కాగితాలు, రెండువైపులా రూ. 2 చొప్పున 40. అలా ఐదు వారాలకు 200. మొత్తం ఖర్చు రూ. 2,960. చేతిలో రూ. 140. హాజరు 15 నుంచి 19.

దశ 4: ఎవరు మాట్లాడుతున్నారు (డిసెంబరు, జనవరి)

అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్న దశ ఇదే, ఎక్కువ నేర్పిందీ ఇదే.

చర్చలు బాగున్నాయని అందరం అనుకుంటున్న రోజుల్లో ఇద్దరం రెండు ఫోన్లలో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఎవరి నిమిషాలు ఎన్నో రాశాం. 19 మంది ఉన్న సభ, 60 నిమిషాల చర్చ. ముగ్గురే 38 నిమిషాలు మాట్లాడారు. తొమ్మిది మంది ఒక్క మాటా మాట్లాడలేదు. ఏడుగురు అమ్మాయిల మాటలన్నీ కలిపితే 5 నిమిషాలు.

మాట్లాడనివాళ్ళను విడివిడిగా అడిగాం. "ఏం చెప్పాలో ఆలోచించుకునేలోగా ఇంకెవరో అందుకుంటున్నారు" అన్నది సగం మంది. మిగతా సగం చెప్పింది వేరు. "అన్న అలా అన్నాక నేను కాదని ఎలా అంటాను?" మన క్యాంపస్‌లలో సీనియర్ అంటే అన్న, అక్క. ఆ పిలుపులో ఆప్యాయత ఉంది, దానితోపాటు ఎదురు చెప్పకూడదన్న అలవాటూ ఉంది.

మొదట ఒక వారం సభలో అందరూ పేర్లతోనే పిలుచుకోవాలన్నాం. ఫలితం తారుమారైంది. పీజీ రెండో ఏడాది వాళ్ళను వట్టి పేరుతో పిలవడం డిగ్రీ వాళ్ళ నోటికి రాలేదు. అన్నా, అక్కా అని పిలవడం మానలేక మాట్లాడటమే మానేశారు. ఆ రోజు మౌనంగా ఉన్నవాళ్ళు తొమ్మిది నుంచి పదకొండుకి పెరిగారు. ఆ నియమం వెంటనే తీసేశాం. ఇది ఎవరూ మళ్ళీ చెయ్యక్కర్లేదు.

పనిచేసిన పద్ధతి ఇది:

1. పేజీ చదివాక 3 నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ప్రతివాళ్ళూ చీటీ మీద ఒక్క వాక్యం రాయాలి: పేజీలోని ప్రశ్నకు నా జవాబు ఇది, ఎందుకంటే ఇది. పేరు రాయకూడదు.
2. చీటీలన్నీ ఒకరు కలిపి, నంబర్లు వేసి, నాలుగైదు బోర్డు మీద రాస్తారు.
3. చర్చ ఆ నంబర్ల మీద. "నాలుగో చీటీ మీద నా ఆక్షేపణ" అనాలి. అన్న మీద కాదు, చీటీ మీద.
4. తన చీటీ అని చెప్పుకోవాలా వద్దా అన్నది రాసినవాళ్ళ ఇష్టం.

అన్న అన్నగానే ఉన్నాడు. నాలుగో చీటీ మాత్రం దెబ్బలు తింటోంది. మొదటి సంవత్సరం అమ్మాయి ఒకరు ఆ చీటీ ఎవరిదో తెలియకుండా దాన్ని ముక్కలు చేశాక, అది తనదేనని మా సీనియర్ లేచి చెప్పి, ఆమె వాదం సరైనదని ఒప్పుకున్నాడు. ఆ సంగతి రిజిస్టర్‌లో రాసి ఉంది.

రెండో మార్పు: జవాబిచ్చే ముందు అవతలివాళ్ళ మాటను తిరిగి చెప్పాలి. ఇది మనవాళ్ళ పాత నియమం. తర్కానికి మూలగ్రంథమైన, గౌతమ మహర్షి న్యాయసూత్రాల్లో వాదంలో ఓడిపోయే చోట్లు, అంటే నిగ్రహస్థానాలు, 22 ఉన్నాయి. వాటిలో ఒకటి అననుభాషణం. అవతలివాళ్ళు మూడుసార్లు చెప్పి, సభకు అర్థమయ్యాక కూడా ఆ మాటను తిరిగి చెప్పలేకపోతే ఓడినట్టే. పూర్వపక్షం, అంటే అవతలివాళ్ళ వాదం, పెట్టకుండా సిద్ధాంతం చెప్పకూడదన్న క్రమశిక్షణ ఇంత పక్కాగా సూత్రాల్లో ఉండగా, మా సభల్లో ఎవరూ దాన్ని వాడటం లేదు.

పెట్టిన మొదటి వారం ఇది కూడా తప్పుదారి పట్టింది. తిరిగి చెప్పేటప్పుడు అవతలి మాటను బలహీనం చేసి చెప్పేవాళ్ళు. "అంటే నువ్వనేది దేవుడు చెప్తే హత్య కూడా మంచిదే అని, అంతేగా?" అన్నట్టు. అందుకని ఇంకో మెట్టు చేర్చాం. మొదట చెప్పిన మనిషి "అవును, నేనన్నది అదే" అనేదాకా జవాబు మొదలవకూడదు.

దీనికి ధర ఉంది. ఒక్కో తిరుగు చెప్పడానికి 30, 40 సెకన్లు. గంటలో అంతకుముందు 14 వేరువేరు వాదాలు వచ్చేవి, ఇప్పుడు 8. కొందరికి ఇది విసుగనిపించింది, ఇద్దరు రావడం మానేశారు. అయినా మేం దీన్ని వదల్లేదు. ఆ ఎనిమిదిలో ఐదారు చివరిదాకా వెళ్తున్నాయి.

మూడో ప్రయత్నం చార్ట్. 22లోంచి మాకు రోజూ ఎదురయ్యే నాలుగు తీసి గోడకు అంటించాం: అర్థాంతరం, అంటే విషయం వదిలి ఇంకెక్కడికో పోవడం; పునరుక్తం, అంటే కొత్తగా ఏమీ చేర్చకుండా అన్నదే అనడం; ప్రతిజ్ఞాంతరం, అంటే ఆక్షేపణ రాగానే మొదటి మాటకు ఇంకో మాట అతికించి కాపాడుకోవడం; పైన చెప్పిన అననుభాషణం. అధ్యక్షస్థానంలో ఉన్నవాళ్ళు పట్టుకున్నప్పుడల్లా పేరు పెట్టి పైకి చెప్పాలి. రెండు వారాలకే సభ ఆటల పోటీలా మారింది. ఒకరి తప్పు ఇంకొకరు ఎప్పుడు పట్టుకుంటారా అని కాచుకు కూర్చున్నారు. నైయాయికులు, అంటే ఆ న్యాయసూత్రాల సంప్రదాయంవాళ్ళు, చర్చను మూడు రకాలన్నారు: సత్యం కోసం వాదం, గెలుపు కోసం జల్పం, తన పక్షమేమీ లేకుండా అవతలివాళ్ళను ఖండించడం కోసమే వితండ. మా చార్ట్ మమ్మల్ని మొదటిదాని నుంచి రెండోదానికి తోసింది. చార్ట్ గోడమీదే ఉంచి, పైకి చెప్పడం ఆపేశాం. అధ్యక్షులు మౌనంగా గీతలు పెట్టి చివర్లో పేర్లు లేకుండా చదువుతారు: "ఇవాళ అర్థాంతరం ఆరు, పునరుక్తం నాలుగు." అంతే.

సంక్రాంతి తర్వాత మళ్ళీ స్టాప్‌వాచ్ పెట్టాం. 18 మంది, 60 నిమిషాలు. ఎక్కువ మాట్లాడిన ముగ్గురివి కలిపి 21 నిమిషాలు. మౌనంగా ఉన్నవాళ్ళు ముగ్గురు. ఎనిమిది మంది అమ్మాయిలవి 24 నిమిషాలు. 31 గీతల్లో 25 సున్నాలు.

లెక్క: జిరాక్స్ 320, చార్ట్, మార్కర్ 60. కొత్త వసూలు తలా 20 చొప్పున 22 మంది, 440. మొత్తం వసూలు రూ. 3,540, మొత్తం ఖర్చు రూ. 3,340. చేతిలో రూ. 200.

దశ 5: గది, అనుమతి (ఫిబ్రవరి)

సెమినార్ హాలు మాకు చివరి క్షణంలో చేజారేది. ఏదో విభాగం కార్యక్రమం వస్తే విద్యార్థుల బుకింగ్ ముందు పోతుంది. బయట కూర్చుని చూశాం. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్‌తో చూస్తే రోడ్డు పక్క చెట్టు కింద 62 డెసిబెల్స్, లైబ్రరీ వెనక మెట్ల మీద 48. మెట్లే ఖాయం చేశాం. సముద్రపు గాలికి కాగితాలు ఎగిరిపోతాయి కాబట్టి అందరూ పరీక్ష ప్యాడ్ తెచ్చుకోవాలి. కొనక్కర్లేదు, ప్రతి విద్యార్థి దగ్గరా ఒకటి ఉంటుంది. బోర్డుకు బదులు చీటీలను క్లిప్పులతో తాడుకు తగిలించాం. చీకటి పడేలోగా ముగించాలి కాబట్టి ఫిబ్రవరిలో 6:00కే ఆపేశాం.

యూథిఫ్రో పేజీని కొత్తవాళ్ళకోసం రెండోసారి పెట్టినప్పుడు, పోస్టర్ మీద దేవుడు, మంచి అన్న మాటలు చూసి ఎవరో ఫిర్యాదు చేశారు. ముందుగా విషయాలన్నీ రాసిమ్మని ఆఫీసు నుంచి మాట వచ్చింది. ఇది ఎక్కడైనా జరగవచ్చు. సభ మానెయ్యాలని మాలో కొందరన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. అడగడానికి భయపడే ప్రశ్నను కూర్చుని శాంతంగా అడగగలిగే చోటు విశ్వవిద్యాలయంలో కాకపోతే ఇంకెక్కడుంటుంది?

మేం చేసినవి, వరసగా:

1. అనుమతి ఉత్తరం నెలకు ఒకటే, అందులో నాలుగు వారాల విషయాలు.
2. ప్రతి విషయానికీ ఆ పేజీ జిరాక్స్ జతచేయడం. పేజీ చేతికొచ్చాక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. భయపెట్టింది పోస్టర్ మీది ముక్క వాక్యమే.
3. పోస్టర్ మీద మా ప్రశ్న కాకుండా పేజీలోని వాక్యాన్నే వెయ్యడం.
4. సభ మొదట్లో నియమాలు పైకి చదవడం. ముఖ్యంగా, చీటీ మీద ఆక్షేపణే తప్ప మనిషి నమ్మకం మీద వ్యాఖ్య ఉండకూడదన్నది.

లెక్క: ఉత్తరాలు 30, పోస్టర్లు 50, జిరాక్స్ 120. మొత్తం ఖర్చు రూ. 3,540. చేతిలో సున్నా. ఇక్కడినుంచి చందా లేదు. కాగితం తీసుకున్నవాళ్ళు రెండు రూపాయలు డబ్బాలో వేస్తారు. డబ్బు అయిపోవడంతో దొరికిన ఈ పద్ధతే అన్నిటికంటే బాగుంది: లెక్క ఎప్పటికప్పుడు సరిపోతుంది, కోశాధికారి అవసరం లేదు.

దశ 6: తొట్లకొండ (ఫిబ్రవరి చివర)

భీమిలి రోడ్డులో సముద్రం పక్కన కొండమీద ఉన్న బౌద్ధ విహార శిథిలాలు. రాతిలో తొలిచిన నీటి తొట్లవల్ల ఆ పేరు. చదవడానికి తీసుకెళ్ళిన పేజీ మిలింద ప్రశ్న అనే బౌద్ధ గ్రంథంలో రథం సంభాషణ: చక్రం, ఇరుసు లాంటి భాగాల్లో ఏదీ రథం కానట్టే, మనిషిలోనూ 'నేను' అనేది విడిగా దొరకదంటుంది. ఆ గ్రంథానికీ ఈ కొండకూ నేరుగా సంబంధం లేదు. కానీ నేను అంటున్న ఆ 'నేను' ఎక్కడుందని అడిగిన సంప్రదాయంవాళ్ళు ఇక్కడ కూర్చుని చదువుకున్నారు, ఆ చోట చదవాలని కోరిక.

ఉదయం 7కి చేరితే ఎండ తగలదనుకున్నాం. అందరూ వచ్చేసరికి 8:20. స్తూపం దగ్గర నీడ లేదు. 90 నిమిషాలు అనుకున్న చర్చ 35 నిమిషాల్లో ముగిసింది. గాలికి ఆరడుగుల అవతలున్నవాళ్ళ మాట వినపడలేదు. మళ్ళీ వెళ్ళేవాళ్ళకు: పన్నెండు మందికి మించొద్దు, చిన్న వలయంగా కూర్చోవాలి, నీళ్ళు తలా లీటరు, డిసెంబరు లేదా జనవరి.

చర్చ చిన్నదైనా మాకు ఎంతో విలువైనది ఒకటి దొరికింది. అదే గ్రంథంలో బౌద్ధ భిక్షువు నాగసేనుడు మిలిందుడికి, అంటే గ్రీకు రాజు మెనాండర్‌కి, షరతు పెడతాడు: పండితుల్లా వాదిస్తానంటే సరే, రాజుల్లా అయితే వద్దు. పండితులు మెలిపెడతారు, విప్పుతారు, ఖండించుకుంటారు, కోపం తెచ్చుకోరు. రాజులు ఒక మాట పట్టుకుని, కాదన్నవాణ్ణి శిక్షించమంటారు. మిలిందుడు పండితుల పద్ధతే ఒప్పుకుంటాడు. ఇప్పుడు మా ప్రతి సభా ఆ నాలుగు వాక్యాలు చదవడంతో మొదలవుతోంది. మేం రాసుకున్న నియమాలకంటే అవి బాగా పనిచేస్తున్నాయి. ఎవరైనా గొంతు పెంచితే పక్కవాళ్ళు "రాజుగారి వాదం" అంటారు, సర్దుకుంటారు.

లెక్క: ఎవరి ఛార్జీలు వాళ్ళవి. సంఘం ఖర్చు లేదు.

దశ 7: అప్పగింత (మార్చి, ఏప్రిల్)

మిడ్ పరీక్షల వారాల్లో హాజరు 6కి పడింది. ఆరుగురితో లాగించడం కంటే సెలవు ప్రకటించడం నయం. పరీక్షల తర్వాత వారం 17 మంది వచ్చారు.

అసలు సమస్య వేరు. మేం ఐదుగురం చివరి సంవత్సరం. పేజీలు నా ల్యాప్‌టాప్‌లో, ఉత్తరాల నమూనా ఒకరి ఫోన్‌లో, హాలు తాళం ఇచ్చే అటెండర్‌గారితో పరిచయం ఇంకొకరికి. మేం వెళ్ళిపోతే ఇవన్నీ మాతోనే వెళ్ళిపోతాయి. అందుకని మార్చినుంచి అధ్యక్షత రెండో సంవత్సరంవాళ్ళకు ఇచ్చి మేం వెనక బెంచీలో కూర్చున్నాం. మొదటి సభలో కొత్త అధ్యక్షురాలు 60 నిమిషాల్లో తనే 17 నిమిషాలు మాట్లాడింది, ప్రతి జవాబుకూ వివరణ జోడిస్తూ. నిమిషాల కాగితం చేతికిచ్చాం, ఏమీ వ్యాఖ్యానించలేదు. తర్వాతి వారం 9, ఆ పైవారం 5. గీతలు, సున్నాలు కూడా ఆమే లెక్కపెడుతోంది.

పెట్టెలో పెట్టి ఇచ్చినవి:

1. రిజిస్టర్, మినిట్స్‌తో సహా.
2. పేజీల ఫైలు. ఒక్కోదాని మీద గీతలు, సున్నాలు రాసి ఉన్నాయి. సున్నాలు సగానికి తక్కువ వచ్చిన పేజీల మీద ఎర్ర గుర్తు.
3. నిమిషాల కాగితాలు.
4. అనుమతి ఉత్తరం నమూనా, ఎవరి టేబుల్ తర్వాత ఎవరి టేబుల్‌కి వెళ్ళాలో వరస.
5. చార్ట్, తాడు, క్లిప్పులు, రెండు రూపాయల డబ్బా. డబ్బాలో రూ. 64.

తేలనిది ఒకటి ఉంది. ఒడిశా, ఉత్తరాది నుంచి వచ్చిన నలుగురు వస్తున్నారు. కాగితం రెండోవైపు ఇంగ్లిష్ ఉన్నా, చర్చ వేడెక్కగానే అందరం తెలుగులోకి వచ్చేస్తాం, వాళ్ళు ఆగిపోతారు. అంతా ఇంగ్లిష్‌లో పెట్టి చూస్తే, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఏడుగురు మౌనంగా ఉండిపోయారు, సున్నాలు 12కి దిగాయి. రెండూ ఒప్పుకోదగ్గవి కావు. ఏప్రిల్ చివరి సభలో వాళ్ళ పక్కన ఒక్కొక్క తెలుగు సభ్యుణ్ణి కూర్చోబెట్టి, అవతలి మాటను తిరిగి చెప్పే మెట్టును మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పించాం. ఆ నలుగురిలో ఇద్దరు మాట్లాడారు, సున్నాలు 19. జులైలో కొత్త జట్టు ఇదే పద్ధతిని నెలంతా నడిపి కొలుస్తుంది. మొదటి పేజీగా చార్వాకుల పొగ, నిప్పు ఖాయమైంది, ఉత్తరం ఇప్పటికే ఆఫీసులో ఇచ్చేశారు.